‘సూద్దాం’ అన్నాయన చూసిన రోజు

నా చిన్నప్పుడు మాకు కారు లేదు గానీ, కారే ఇల్లు ఉండేది. ఈ మాట మా మనవరాలితో అంటే పకపకా నవ్వింది. అప్పట్లో మాకెవరికీ నవ్వు రాలేదు. ఒళ్ళు మండేది. ఎంత మండినా ఇల్లు మాత్రం ఆరేది కాదు.

గరివిడిలో రైలుకట్టకు దగ్గర్లో, ఒకే కప్పు కింద నాలుగు వాటాలున్న బంగళాపెంకుల ఇల్లు అది. రెండో వాటా మాది. నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారు. మూడో వాటాలో ఎండుచేపలు అమ్ముకునే ఒకావిడ ఒంటరిగా ఉండేది. సముద్రం ఒడ్డు ఊరి మనిషి. గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల సంతలన్నీ తిరిగేది. మాకు చుట్టమేమీ కాదు, అయినా అత్తా అని పిలిచేదాన్ని. నాలుగో వాటాకు ఎప్పుడూ తాళమే. దాని కప్పు అంతకు రెండేళ్ళ ముందే కూలిపోయింది. ఇక మొదటి వాటాలో ఇల్లుగలాయన బావమరిది ఉండేవాడు. మా కష్టాలన్నీ అక్కడే మొదలు.

ఆయన పావురాలు పెంచేవాడు. పెంచుకోవడం తప్పు కాదు. కానీ పావురాల పెట్టెను తన వాటా మీద కాకుండా మా వాటా మీద కట్టాడు. రైలుకట్ట వైపు ఆకాశం అక్కణ్ణుంచే బాగా కనబడుతుందట. పొద్దునా సాయంత్రం నిచ్చెనెక్కి, మా పెంకుల మీద నడుచుకుంటూ వచ్చి, నడుమన నిలబడి ఈలలు వేసేవాడు. కింద మేము అన్నం తింటుంటే పైన టక్కుమని పెంకు విరిగేది. కంచంలో మట్టి రాలేది. అమ్మ బయటికి వచ్చి “దిగవయ్యా బాబూ, పెంకులన్నీ పోతన్నాయి” అని అరిస్తే, ఆయన పైనుంచి పెదాల మీద వేలు పెట్టుకుని “అరవకు అప్పా, పావురాలు బెదిరిపోతాయి” అనేవాడు. పావురాలు బెదరకూడదు. మేము బెదిరినా ఫరవాలేదు.

ఇల్లుగలాయన ప్రతి నెలా ఒకసారి వచ్చేవాడు. తెల్లటి పంచె, ఎండకైనా వానకైనా ఒకే నల్లగొడుగు, నున్నటి గుండు. అరుగు దాటి లోపలికి అడుగు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న చేతులు కట్టుకుని, కప్పు కారుతోందని చెప్పేవారు. “సూద్దాం” అనేవాడు. మీ బావమరిదికి ఒక మాట చెప్పండి అనేవారు. “సూద్దాం.” నూతి గట్టు కూలిందనేవారు. “అదీ సూద్దాం.” మా వైపు నోళ్ళలో చకారం సకారమైపోతుంది. అయితే చూద్దాం అన్నా, సూద్దాం అన్నా, ఆయన నోట అర్థం ఒక్కటే. చూడను అని.

ఆ ఏడు వానాకాలం మొదలయ్యేసరికి మాకు తమ్ముడు పుట్టాడు. వాడికి ముందు, కిందటి వానల్లో, ఒక చెల్లెలు పుట్టి అదే గదిలో నెల తిరక్కుండా పోయింది. రొమ్ము పట్టేసిందన్నారు. అందుకని తమ్ముడు పుట్టిన వారానికే దగ్గడం మొదలుపెట్టేసరికి మా అమ్మ మొహంలో రంగు మారిపోయింది. డాక్టరమ్మ వాడి డొక్కలు ఎగరడం చూసి, తడి తగలనివ్వకండి, గది వెచ్చగా ఉంచండి అని చెప్పింది. గది! ఉన్నదే ఒక గది. దానికి కారే చోట్లు ఏడు. ఏడు గిన్నెలు పెడితే ఏడు రకాల చప్పుళ్ళు. సంగీతం వచ్చినవాళ్ళైతే సంతోషించేవారేమో. అమ్మ మాత్రం బాలింత మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు లాగడం, ఆ గోడ నుంచి ఈ గోడకు లాగడం. పది రోజుల పసివాణ్ణి పొట్టకు ఆనించుకుని మంచం లాగే ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మంచం కోళ్ళు నేల మీద కీచుమన్న చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది.

నేను పెంకుటింట్లో పుట్టిన పెంకిపిల్లను. ఊరుకోలేకపోయాను. ఫ్యాక్టరీ కొలిమిలో లోహం తీసేశాక మిగిలే చిట్టెపు రాళ్ళు మా కట్ట పక్కన దొరికేవి. నల్లగా, ఎండలో పెడితే పచ్చగా మెరిసేవి. అలాంటివి ఐదు ఏరుకుని అచ్చనగాయలు ఆడుకునేదాన్ని. ఒక సాయంత్రం ఆయన పైన నిలబడి ఈల వేస్తుంటే, అన్నిట్లోకీ బరువైన రాయి తీసి, పళ్ళు కొరికి, గురి చూసి విసిరాను.

నా గురి గురించి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆయనకు తగల్లేదు. పావురానికీ తగల్లేదు. మా పెంకుకే తగిలింది. అదీ ఏ పెంకు? అమ్మ లాగి లాగి చివరికి మంచం వేసుకున్న ఒక్క పొడి మూల మీది పెంకు. ఆ తర్వాత వచ్చిన వానకు ఆ మూలా కారింది. గిన్నెలు ఎనిమిదయ్యాయి. అమ్మ కప్పు వైపు చూసి, ఆ పావురాలాయన్ని, వాళ్ళ బావని, బావ వంశాన్ని తిట్టింది. నేను తలుపు చాటున నిలబడి ఆ తిట్లలో నా వాటా ఎంతో లెక్కేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత అత్త సంత నుంచి వచ్చి, గంప దించి, అరుగు మీద నాతో అచ్చనగాయలకు కూర్చుంది. రాళ్ళు ఎగరేయబోయి ఆగింది.

“ఒలే గుంటా, నాలుగే ఉన్నాయేటి? అయిదోది ఏదీ?”

“పోయింది.”

“ఎలగ పోయింది? దానికి కాళ్ళొచ్చాయేటి?”

నేను నేల చూపులు చూశాను. ఆవిడ నా మొహం చూసింది, కప్పు చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. ఎండుచేపల అరచేత్తో నా బుగ్గ తట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వాసన వదిలించుకోవడానికి నేను రెండుసార్లు మొహం కడుక్కున్నాను. ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా వస్తే ఆగి నిలబడతాను.

మర్నాడు అత్త అమ్మ దగ్గర కూర్చుని చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

“ఆయన ఏటంటన్నాడు? సూస్తాను అంటన్నాడా? నేదు. సూద్దాం అంటన్నాడు. ఆయనొక్కడే కాదు, మనమూ ఉన్నాం అందులో. మాటిచ్చినట్టే గదా. మనం పిలవాల, ఆయన రావాల, అందరం కలిసి సూడాల.”

బళ్ళో మాకు ఉత్తమపురుష బహువచనం చెప్పారు. నేను బట్టీ పట్టాను కూడా. అందులో మేము కూడా ఉంటామన్న సంగతి మాత్రం బడి గుమ్మం తొక్కని మనిషి చెబితే తెలిసింది.

అమ్మ విసుక్కుంది. “అరుగు దాటనోడు లోపలికి ఎలగొస్తాడు?”

“బారసాలకి పిలు. ఇల్లుగలాయనవి నువ్వే పెద్దదిక్కు, నీ సేతుల్తోనే బిడ్డనెత్తుకుని పేరెట్టాల అను. ఆళ్ళ బాబు, పోయిన ఆ పెద్దాయన పేరే పెడతన్నామని సెప్పు. ఎలగ రాడో నానూ సూస్తాను.”

అమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. “ఆళ్ళ బాబు పేరు నా కొడుక్కా?”

“పేరుకేటున్నాదే? ఎలగూ బుజ్జిగాడనే పిలుస్తాం.”

అమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని ఊపింది. వాడు దగ్గాడు. చిన్న దగ్గే, పిల్లి తుమ్మినట్టు. “సరే, పిలవండి” అంది.

నాన్న వెళ్ళి పిలిచారు. తండ్రి పేరు వినగానే ఇల్లుగలాయన కళ్ళు తుడుచుకున్నాడట. తప్పకుండా వస్తానన్నాడట. “సూద్దాం” అనలేదట.

బారసాల నాటికి ముసురు పట్టి నాలుగు రోజులు. సన్నగా, తెరిపి లేకుండా పడుతూనే ఉంది. పొద్దున్నే అత్త వచ్చి గిన్నెలన్నీ తీసేయించింది. నేల తడిసిపోతుందని అమ్మ మొత్తుకుంటే “తడవనీ” అంది. తర్వాత నడి గదిలో, అన్నిటికంటే జోరుగా కారే చోట వంగి చూసి, చుక్క పడే చోటు పక్కన సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ తెచ్చి వేసింది. తనే కూర్చుని చూసింది. చుక్క భుజం మీద పడింది. లేచి, కుర్చీని నాలుగు వేళ్ళు జరిపి మళ్ళీ కూర్చుంది. ఈసారి నడినెత్తిన పడింది. తృప్తిగా తల తుడుచుకుంది. తమ్ముడి ఉయ్యాలను మాత్రం వంటగోడ పక్కన, పైన తన గోనెపట్టాలు రెండు మడతలు వేసి కట్టి, కింద కుంపటి పెట్టి, వెచ్చగా ఉంచింది. నాకొక పని అప్పజెప్పింది.

“నీ సేతులు కాళీగా ఉంటే కష్టం. ఆయన గొడుగు నీకిస్తాను. నాను సెప్పిందాకా ఇవ్వకు.”

ఇల్లుగలాయన వచ్చాడు. గుమ్మం నిండా వీధిలోని ఆడవాళ్ళు. ఆయన గొడుగుతోనే లోపలికి రాబోతుంటే అత్త అడ్డం వచ్చి రెండు చేతులూ చాపింది.

“గొడుగు ఇటియ్యండి బాబూ. ఇంట్లోకి గొడుగేటి?”

ఆయన నవ్వి ఇచ్చేశాడు. అది నా చేతిలోకి వచ్చింది. నా కంటే పొడుగు. దాన్ని వీపు వెనక దాచుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏదో రాజుగారి కత్తి లాక్కున్నట్టుంది నాకు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మొదటి చుక్క గుండు మీద పడింది. చేత్తో తుడుచుకుని పైకి చూశాడు. రెండోది నుదుటి మీద పడింది. కుర్చీ జరపబోతే అత్త పట్టుకుంది. “కదలకండి. తూరుపు మొగం అక్కడే వస్తాది.” మూడు, నాలుగు, ఐదు. తెల్లచొక్కా భుజాల దగ్గర ఒంటికి అతుక్కుపోయింది. ఆడవాళ్ళలో ఎవరైనా నవ్వితే ఆయనా నవ్వేసి లేచిపోయేవాడే. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. అమ్మ అయితే రెప్ప వేయలేదు. కిందటేడు చెల్లెల్ని పంపించేసిన గదిలో కూర్చుని, ఆ చెల్లెలి దగ్గు విన్న చెవులతో తమ్ముడి దగ్గు వింటూ, అమ్మ ఆయన్ని చూసిన చూపు అది. తిట్టడం కంటే కొట్టడం కంటే పెద్ద కోపం ఒకటుంటుందని నాకు అప్పుడు తెలిసింది.

అత్త ఉయ్యాల్లోంచి తమ్ముణ్ణి తీసింది. గుడ్డలు చుట్టి, గుండెకు హత్తుకుని, ఆయన ముందుకొచ్చి, చుక్కకు మూరెడు ఇవతల ఆగింది.

“పట్టుకోండి బాబూ. మీ నాయన పేరోడు.”

ఆయన రెండు చేతులూ చాచాడు. అంతలో పెద్ద చుక్క ఒకటి ఆయన చేతుల మధ్య, బిడ్డ తల ఉండవలసిన చోట, టప్పున పడింది. ఆయన చటుక్కున చేతులు వెనక్కి లాగేసుకున్నాడు.

“వద్దొద్దు! ఇక్కడ కాదు, బిడ్డ తడిసిపోతాడు!”

అత్త కదల్లేదు. గొంతు పెంచలేదు.

“తడిసిపోతాడా బాబూ? మీరు కూకున్నది ఆళ్ళమ్మ మంచమేసిన గదే. పుట్టిన కాణ్ణుంచీ ఇక్కడే తడస్తన్నాడు. సూద్దామన్నారు. సూసారు గదా.”

సరిగ్గా అప్పుడే పైన అడుగులు వినబడ్డాయి. ముసురులో పావురాలు గూటికి చేరాయో లేదో చూసుకోవడానికి బావమరిది బయల్దేరాడు. టక్కుమంది. పెంకు విరిగి, చుక్క కాస్తా ధార అయి, ఇల్లుగలాయన మెడ మీంచి చొక్కాలోకి దిగింది. ఆయన కుర్చీ తన్నేసి లేచి, కప్పు వైపు మొహమెత్తి, వీధి వీధంతా వినబడేలా అరిచాడు.

“ఒరే! దిగరా ఎదవా! ఆ కాళ్ళు ఇరిసేత్తాను!”

మా నాన్న ఏడాదిగా చేతులు కట్టుకుని అడిగింది ఆ ఒక్క మాటే. ఆయన మెడ తడిసేదాకా రాలేదు. నాకు సంతోషం కలగాలి గానీ, కలగలేదు. ఇన్నాళ్ళూ ఈయనకు నోరు ఉందన్నమాట అని ఇంకా మండిపోయింది. అత్త నా వైపు చూసి తల ఊపింది. గొడుగు ఇచ్చేశాను.

మూడో రోజుకు తాపీవాడు వచ్చాడు. పెంకులు మారాయి. పావురాల పెట్టె మొదటి వాటా మీదికి పోయింది. తమ్ముడి దగ్గు నెల తిరిగేసరికి తగ్గింది. ఇప్పుడు వాడికి మనవలున్నారు. “కారే ఇంటికి అద్దెతోపాటు నా పేరు కూడా ఇచ్చేశారు” అని కనబడినప్పుడల్లా దెప్పుతాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ రెండు నెలలు గడిచాక ఇల్లుగలాయన అత్తను ఖాళీ చెయ్యమన్నాడు. చేపల వాసన వస్తోందట. ఆరేళ్ళుగా రాని వాసన! నాన్న వెళ్ళి, ఆవిణ్ణి ఉండనివ్వండని అడిగారు. “సూద్దాం” అన్నాడట. నాన్న తిరిగి వచ్చేశారు. మేమూ ఊరుకున్నాం. మా నెత్తిన అప్పుడు కొత్త పెంకులున్నాయి కదా. మా కప్పు నిలబెట్టినావిడ కప్పు పోతుంటే, మేం నలుగురం అరుగు మీద నిలబడి సామాను సర్దడం చూశాం. ఆ రోజు కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అందులో సగం ఆయన మీద, సగం మా మీద.

వెళ్ళేటప్పుడు అత్త నన్ను పక్కకు పిలిచి కొంగు ముడి విప్పింది. నా అయిదో రాయి. పెంకులు మార్చిన రోజున వాసానికీ విరిగిన పెంకుకీ మధ్య ఇరుక్కుని ఉంటే, తాపీవాడు కిందికి పడేశాడట. ఇన్నాళ్ళూ దాచింది. అమ్మకు చెప్పలేదు.

నేను ఏడిచాను. ఆవిడ నా గుప్పిట్లో రాయి పెట్టి మూసింది.

“కోపం రావాల్సిందేనే. రాకపోతే మడిసి కాదు. ఇసిరేయకు, దాసుకో. ఎక్కడ ఎయ్యాలో తెలిసిందాకా దాసుకో.”

గంప నెత్తిన పెట్టుకుని రైలుకట్ట వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ ఆవిణ్ణి చూడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇన్నేళ్ళ తర్వాత నేను మళ్ళీ కారే ఇంట్లోనే ఉన్నాను. అరసవల్లిలో మొదటి అంతస్తు. పెంకులు పోయి స్లాబు వచ్చింది, అంతే తేడా. పైవాళ్ళు దోసెల పిండి రుబ్బి హోటళ్ళకు వేస్తారు. తెల్లారకముందే గ్రైండర్లు మొదలు. మా మంచం దానంతటదే జరుగుతుంది, లాగనక్కర్లేదు. మధ్యాహ్నం వాటిని కడిగిన నీళ్ళు స్లాబులోంచి దిగి మా గదిలో కారుతాయి. ఊపిరితిత్తులు బాగాలేని మా ఆయన ఆ గదిలోనే పడుకోవాలి. గోడ నల్లగా బూజు పట్టింది. ఆయన దగ్గుతారు. నాకు ఆ దగ్గు తెలుసు. చెవులు మారలేదు.

ఇంటి ఓనరు విశాఖపట్నంలో ఉంటాడు. చదువుకున్నవాడు, చకారం చక్కగా పలుకుతాడు. ఎనిమిది నెలలుగా ఎన్ని ఫొటోలు పంపినా ఒకటే జవాబు: “చూద్దాం అమ్మా.” మొన్న ఒళ్ళు మండి నాలుగు గట్టి మాటలు టైపు చేసి పంపించాను. అవి ఆయనకు వెళ్ళలేదు. మా భజన గ్రూపులోకి వెళ్ళాయి. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు, ఏం తప్పు చేశామమ్మా అని వరసగా ఫోన్లు. నా గురి తొమ్మిదేళ్ళప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

అప్పుడు పెన్నుల డబ్బాలోంచి ఆ రాయి తీసి చాలాసేపు చేతిలో పెట్టుకున్నాను. తర్వాత ఓనరుకు ఫోను చేసి, గొంతులోకి ఎక్కడలేని తియ్యదనం తెచ్చుకుని, ఆదివారం భార్యాభర్తలు సూర్యదేవుడి దర్శనానికి రండి, భోజనం మా ఇంట్లోనే అన్నాను. సంతోషంగా ఒప్పుకున్నాడు. కింద వాటాలోని కొత్త కోడలి గదిలోకీ ఆ నీళ్ళు దిగుతున్నాయని తెలిసి, ఆ అమ్మాయినీ అత్తగారినీ కూడా పిలిచాను. ఈసారి ఎవరినైనా ఖాళీ చెయ్యమంటే ఒక్కరూ అరుగు మీద నిలబడి చూడరు. అది ముందే మాట్లాడుకున్నాం.

పైవాళ్ళు గ్రైండర్లు కడిగేది సరిగ్గా ఒంటిగంటకు. వడ్డన కూడా ఒంటిగంటకే. బల్ల పడగ్గదిలోకి మార్చాను. ఎక్కడ పడుతుందో నిన్న చూసుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టాను. కుర్చీ వేసి, కూర్చుని, నాలుగు వేళ్ళు జరిపాను. ఈసారి నడినెత్తిన పడింది.

రాయి కొంగున ముడేసుకున్నాను. ఆయన గొడుగు తెస్తే గుమ్మం దగ్గరే తీసుకుంటాను.